త్వరణం – వేగం

మంచిర్యాల జిల్లా జైపూర్ వద్ద సింగరేణి సంస్థ నెలకొల్పిన థర్మల్ విద్యుత్ కేంద్రం 2016లో ఉత్పత్తి ప్రారంభించింది. ఒక్కొక్కటి 600 మెగావాట్ల సామర్థ్యం గల రెండు యూనిట్లు అక్కడ ఉన్నాయి. సింగరేణి గనుల బొగ్గు బాయిలర్లలో మండి, నీటిని ఆవిరిగా మార్చి, టర్బైన్లను తిప్పి విద్యుత్తుగా రూపొందుతుంది. ఆ విద్యుత్తు ఇంట దీపాన్ని వెలిగిస్తుంది. పొలాన మోటారును నడుపుతుంది. నేడు కారును సైతం పరుగెత్తిస్తున్నది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగర్ తీరాన ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఆ సందర్భంగా నగరంలో ప్రదర్శింపబడిన వాహనాలలో బటిస్టా ఒకటి. దీనిని నిర్మించిన ఆటోమొబిలి పినిన్‌ఫరీనా మహీంద్రా బృందానికి చెందినది. క్రొయేషియాకు చెందిన రిమాక్ సంస్థ నిర్మించిన నెవేరా దీనికి సాటి. బటిస్టాలోని బ్యాటరీ, మోటార్లు కూడా రిమాక్ సాంకేతికతతో రూపొందినవే. రెండింటిలోను చక్రానికొక మోటారు, 120 యూనిట్ల విద్యుత్తును నిలువ చేయగల బ్యాటరీ ఉన్నాయి. ఒక్కొక్క కారు సామర్థ్యం సుమారు 1,400 కిలోవాట్లు. జైపూర్‌లోని ఒక యూనిట్ ఉత్పత్తి అంతా కలిసి ఇటువంటి కార్లు సుమారు 430 వాడే గరిష్ఠ సామర్థ్యానికి మాత్రమే సమానం.

ఇట్టి వాహనాలను పోల్చేటప్పుడు రెండు విషయాలను వేరు చేసి చూడాలి. నియమిత కాలంలో ఎంత దూరం సాగినదో వేగం తెలుపుతుంది. ఆ వేగం ఎంత త్వరగా పెరిగినదో త్వరణం తెలుపుతుంది. వాడుకలో రెండింటినీ ‘స్పీడు’ అనే ఒక్క మాటతో సరిపుచ్చడం పరిపాటి.

నిశ్చలస్థితి నుండి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని బటిస్టా 1.86 సెకన్లలో అందుకోగలదని నిర్మాతల ప్రకటన. 2023 నాటి పరీక్షలో నెవేరాకు 1.81 సెకన్లు పట్టింది. 200 కిలోమీటర్ల వేగానికి బటిస్టాకు 4.75, నెవేరాకు 4.42 సెకన్లు. వ్యత్యాసం రెప్పపాటు. గని బావిలో జారవిడిచిన రాయి వేగం కంటె వీటి వేగమే త్వరగా పెరుగుతుంది. విద్యుత్ మోటారు కదలిక మొదలైన క్షణాననే పూర్తి బలాన్ని అందించగలగడం ఇందుకు ముఖ్యకారణం.

గరిష్ఠ వేగంలో మాత్రం అంతరం స్పష్టం. 2022 నవంబరులో జర్మనీలోని పాపెన్‌బర్గ్ వద్ద నెవేరా గంటకు 412 కిలోమీటర్ల వేగాన్ని అందుకొన్నది. 2023లో ఇండోర్ సమీపాన గల నాట్రాక్స్ పరీక్షా పథంపై నరైన్ కార్తికేయన్ బటిస్టాను 357 కిలోమీటర్ల వేగంతో నడిపారు. పథాలు, పరిస్థితులు వేరు కనుక ఈ అంకెలతోనే గెలుపోటములు నిర్ణయించరాదు. అయినా సాటి త్వరణం గల వాహనాలకు సాటి వేగం ఉండి తీరాలన్న నియమం లేదని ఇవి తెలుపుతున్నాయి.

వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం వేగవర్గానికి అనులోమంగా పెరుగుతుంది. దానిని ఎదుర్కొనే సామర్థ్యం వేగఘనానికి అనులోమంగా పెరగాలి. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి ఎనిమిది రెట్ల సామర్థ్యం కావాలి. 300 కిలోమీటర్ల వేగాన్ని 9.22 సెకన్లలో అందుకొన్న నెవేరాకు 400 చేరడానికి మరి పన్నెండు సెకన్లు పట్టింది.

ఆగడం కూడా గమనింపదగినదే. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుండి బటిస్టా 31 మీటర్లలో ఆగగలదు. వేగం రెట్టింపైతే ఆ దూరం దాదాపు నాలుగింతలు. బొగ్గు లారీలు, పాదచారులు, పశువులు కలిసి సాగే రహదారిపై ఈ లెక్కను మరచినవారికి ఎంతటి యంత్రమైనా రక్షణ కాజాలదు.

ఈ కారు వెనుక పొగగొట్టం లేదు. కాని బొగ్గు విద్యుత్తుతో దాని బ్యాటరీని ఒక్కసారి నింపడానికి సుమారు ఎనభై కిలోల బొగ్గు మండాలి. పొగ రోడ్డు మీద కాక విద్యుత్ కేంద్రం చిమ్నీ నుండి వెలువడుతుంది. జైపూర్ కేంద్రపు జలాశయంపై తేలియాడే సౌరఫలకాలు ఇదే విద్యుత్తును పొగ లేకుండా అందిస్తున్నాయి. కనుక విద్యుత్ వాహనాన్ని అంచనా వేసేవారు అది ఎంత త్వరగా కదులుతుందో, ఎంత వేగంగా పోతుందో, ఎంతలో ఆగుతుందో చూచినట్లే, ఏ విద్యుత్తుతో నడుస్తుందో కూడా చూడాలి.

ప్రశ్నలు
1. త్వరణానికి, వేగానికి గల భేదాన్ని సోదాహరణంగా వివరించండి.
2. నెవేరా వేగం 300 నుండి 400 కిలోమీటర్లకు పెరగడానికి అధిక సమయం పట్టడానికి కారణమేమి?
3. విద్యుత్ వాహనానికి, జైపూర్ విద్యుత్ కేంద్రానికి గల సంబంధాన్ని తెలపండి.