రూట్ స్క్రిప్టుకి కాపలా డైరెక్టరీదే: డైరెక్టరీ అనుమతులు, క్రాన్ జాబులపై తరచూ అడిగే ప్రశ్నలు

బ్యాకప్ స్క్రిప్టు ఓనరు రూటే. అనుమతులు 755. ఇంకెవరూ ముట్టుకోలేరు కదా?

లోపలి రాతను మార్చలేరు, అంతే. ఫైలుని చెరపడానికైనా పేరు మార్చడానికైనా యూనిక్స్ చూసేది ఆ ఫైలు అనుమతిని కాదు, అది ఉన్న డైరెక్టరీ అనుమతిని. డైరెక్టరీ 777లో ఉంటే ఆ సర్వర్‌లో మామూలు లాగిన్ ఉన్నవాళ్లెవరైనా మీ స్క్రిప్టు పేరు మార్చి, పాత పేరుతో తమది పెట్టేయొచ్చు. రాత్రి రెండింటికి క్రాన్ దాన్నే రూట్ హోదాలో నడుపుతుంది. పైనున్న డైరెక్టరీల్లో ఏ ఒక్కటి అలా ఉన్నా ఇదే ప్రమాదం. "పర్మిషన్ ఎర్రర్ వస్తోంది, 777 కొట్టెయ్" అనే సలహా ఎవరిచ్చినా దయచేసి వినకండి.

డైరెక్టరీకి ఆర్, డబ్ల్యూ, ఎక్స్ ఏమిస్తాయి?

ఆర్ ఉంటే లోపలి పేర్లు కనబడతాయి. ఎక్స్ ఉంటే లోపలికి వెళ్లొచ్చు. డబ్ల్యూతో పేర్లు చేర్చొచ్చు, తీసేయొచ్చు. ఎక్స్ తోడు లేకపోతే అది పనిచేయదు.

మరి టెంప్ డైరెక్టరీలో అందరూ రాస్తారుగా?

దానికి 1777 ఉంటుంది. ముందున్న 1 స్టికీ బిట్: ఫైలు ఓనరు, డైరెక్టరీ ఓనరు, రూట్ తప్ప ఇంకెవరూ అందులోని ఫైలుని చెరపలేరు. అయినా క్రాన్ స్క్రిప్టు అక్కడ వద్దు. చాలా సిస్టమ్‌లలో రీబూట్‌కి అది ఖాళీ అవుతుంది. ఆ తర్వాత అదే పేరుతో ఎవరైనా ఫైలు పెట్టుకోవచ్చు.

చేత్తో నడిపితే నడుస్తోంది, క్రాన్‌లో నడవట్లేదు. ఎందుకు?

క్రాన్ మీ లాగిన్ సెట్టింగులు చదవదు, దాని పాత్ చాలా చిన్నది. కమాండ్లకు పూర్తి దారి రాయండి. క్రాన్‌ట్యాబ్ లైనులో పర్సెంట్ గుర్తు ఉంటే ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి, లేకపోతే క్రాన్ దాన్ని కొత్త లైనుగా తీసుకుంటుంది. అవుట్‌పుట్‌ని లాగ్ ఫైలుకి మళ్లిస్తుంటే, చాలామంది చూడనిది ఆ లాగ్ డైరెక్టరీ. జాబు ఏ యూజర్ పేరున నడుస్తుందో ఆ యూజర్‌కి అక్కడ రాసే హక్కు లేకపోతే, షెల్ లాగ్ ఫైలు తెరవలేక అసలు కమాండునే మొదలుపెట్టదు.

క్రాన్ ఎవరికి ఇవ్వాలో నిర్ణయించొచ్చా?

ఈటీసీ కింద క్రాన్ డాట్ అలౌ ఫైలు ఉంటే, అందులో పేరున్నవాళ్లకే.

ఇప్పుడు నా సర్వర్‌లో ఏం చూడాలి?

లినక్స్‌లో నేమ్ఐ కమాండుకి మైనస్ ఎల్ ఇచ్చి, స్క్రిప్టు పూర్తి దారి రాయండి. పైనుంచి కిందిదాకా ఒక్కో డైరెక్టరీ ఓనరు, అనుమతులు వరసగా వస్తాయి. రూట్ కాని ఓనరు ఎక్కడైనా కనిపిస్తే మార్చండి. గ్రూపుకి గానీ ఇతరులకి గానీ డబ్ల్యూ ఉంటే తీసేయండి. ఆ జాబుకి నిజంగా రూట్ అవసరమా అన్నదీ చూడండి. లేకపోతే దానికంటూ ఒక యూజర్‌ని సృష్టించి, జాబుని ఆ యూజర్ క్రాన్‌ట్యాబ్‌లోకి మార్చేయండి.