రాయడం నేర్చిన నోరు

పట్టిసీమ

అల్లుడూ,

డిగ్రీ అయిపోగానే హైదరాబాదు వెళ్ళి కామెడీ వేషాల కోసం తిరుగుతానని రాశావు. వద్దనడానికి కాదు ఈ ఉత్తరం. వీరభద్రుడి గుడి రేవులో షూటింగులు చూస్తూ పెరిగిన కుర్రాడికి ఆ పురుగు కుట్టకపోతేనే వింత. నా పేచీ అంతా నువ్వు బయల్దేరుతున్న పద్ధతి మీదే. ఫొటోలు తీయించావు, జిమ్ములో చేరావు, డాన్సు నేర్చుకుంటున్నావు. రాయడం మాత్రం నా పని కాదు, దానికి రైటర్లున్నారు కదా అంటున్నావు. నవ్వించి బతకాలనుకునేవాడు అన్నిటికంటే ముందు పట్టవలసింది కలమేనని నేనంటాను. మొహం ఎప్పుడు పనికొస్తుందో ఎవరూ చెప్పలేరు. మాట కుదిరినవాడు ఆ రోజు వచ్చేదాకా ఆగగలడు, వచ్చాక నిలబడగలడు.

హాస్యనటుడు ఎమ్మెస్ నారాయణ గారి సంగతే తీసుకో. 1951లో నిడమర్రులో పుట్టారు. పత్తేపురం ప్రాచ్య కళాశాలలో భాషాప్రవీణ చదివారు. అక్కడ పరుచూరి గోపాలకృష్ణ గారు ఆయనకి గురువు. తర్వాత భీమవరం కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పారు, కథలూ నాటకాలూ రాశారు. సినిమాల్లోకి వెళ్ళింది కూడా రచయితగానే. ఇ.వి.వి. సత్యనారాయణ గారు ‘మా నాన్నకు పెళ్ళి’లో తాగుబోతు వేషం ఇచ్చేసరికి 1997 వచ్చింది, అంటే ఆయనకి నలభై ఆరేళ్ళు. ఆ వేషానికి నంది అవార్డొచ్చింది. 2015 జనవరి 23న పోయేలోపు దాదాపు 700 సినిమాలు చేశారని చెబుతారు. ఇప్పుడు ఆ తాగుబోతును దగ్గరగా చూడు. తెలుగు సినిమాలో ఆ వేషం కట్టని కమెడియన్ అరుదు. తూలడం, నాలుక మడతపడటం, పంచె జారడం అందరూ చేస్తారు. ఈయన తూలడం తక్కువ. మాట ముద్దగా వస్తున్నట్టే ఉంటుంది గానీ ఒక్క వత్తూ పోదు. వాక్యం సగంలో ఆగి, తానెంత మర్యాదస్తుడో ఎదుటివాడు గమనించాలన్నట్టు ఒక చూపు చూసి, అప్పుడు వదులుతారు చివరి మాట. ఎక్కడ ఆగాలో తెలియాలంటే వాక్యం ఎక్కడ విరుగుతుందో తెలియాలి. అది తరగతి గదిలో పాఠం చెప్పి, కాగితం మీద కొట్టివేతలు కొట్టి సంపాదించిన విద్య అని నా నమ్మకం.

మన గోదావరోళ్ళ వెటకారమే తీసుకుని పరీక్షించి చూడు. ‘మా బావ మహా మొహమాటస్తుడండి, అప్పిచ్చినాయన ఎదురొస్తే చాలు, పలకరించి ఇబ్బంది పెట్టడం ఎందుకని పక్క సందులోకి తిరిగిపోతాడు’ అన్నామనుకో, నవ్వు వస్తుంది. పక్క సందు ముందే చెప్పేసి మొహమాటం చివరికి తోసెయ్, చప్పబడిపోతుంది. మాటలు అవే, మనిషీ అతనే. ఏది దాచాలో, ఎంతసేపు దాచాలో తెలియడమే తేడా. ఆ తెలివి అద్దం ముందు రాదు. ఒకే వాక్యాన్ని పది రకాలుగా తిప్పి రాసుకుంటే వస్తుంది.

ఇది ఒక్క ఎమ్మెస్ గారి అదృష్టం అనుకునేవు. అమలాపురం దగ్గర నేదునూరులో పుట్టిన ఎల్.బి. శ్రీరాం గారిదీ దాదాపు ఇదే దారి. నాటకాలు, ఆ తర్వాత సినిమా మాటలు. 1994లో వచ్చిన ‘హలో బ్రదర్’ మాటలు ఆయనవే. నటుడిగా జనం ఆయన మొహం గుర్తుపట్టింది 2000లో, ‘చాలా బాగుంది’ వచ్చాక. అప్పటికి ఆయనా కుర్రాడేం కాదు. తనికెళ్ళ భరణి గారు ‘లేడీస్ టైలర్’కి రాశాక, 1989లో ‘శివ’కి మాటలు రాస్తూ అందులోనే నానాజీ వేషం వేశారు. వీళ్ళెవరికీ హీరో పోలికలు లేవు. రాసిన కాగితం పుచ్చుకుని లోపలికి వెళ్ళారు, అక్కడున్నవాళ్ళకి ఆ మాట చదివి వినిపించే గొంతు కూడా వీళ్ళదగ్గరే కనిపించింది.

రేలంగి రాశారా, రాజబాబు రాశారా, బ్రహ్మానందం రాశారా అని నువ్వు అడుగుతావు. న్యాయమైన ప్రశ్న. రేలంగి గారు 1935లోనే తెర మీదికి వచ్చినా, పేరు నిలబడటానికి పదేళ్ళు పైనే పట్టింది. అన్నాళ్ళూ దర్శకుడు సి. పుల్లయ్య గారి దగ్గర ఆ పనీ ఈ పనీ చేస్తూ గడిపారు. రాజబాబు గారు మద్రాసు రైలెక్కకముందు మేష్టారు. బ్రహ్మానందం గారు అత్తిలిలో తెలుగు లెక్చరర్. రాయకుండా పైకొచ్చినవాళ్ళు లేరని నేననను. మాటతో పొద్దున్న లేచిన దగ్గర్నుంచి కుస్తీ పట్టే పని ఏదో ఒకటి వాళ్ళ చేతిలో ఉందంటాను, నాటకమో, పాఠమో. నీ చేతిలో ఏముంది? నాటక సమాజాలు సన్నగిల్లాయి, లెక్చరర్ ఉద్యోగం నీకొద్దు. మిగిలింది కలమే.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. అంత చదివిన ఎమ్మెస్ గారిని పరిశ్రమ తాగుబోతు వేషాల్లోనే తిప్పింది కదా, రాత ఆయనకి ఏం ఒరగబెట్టిందని. నిజమే. ఏ వేషం రావాలో రాత నిర్ణయించలేదు. కొడుకుని పెట్టి 2004లో ‘కొడుకు’ తీశారు, తర్వాత ‘భజంత్రీలు’ తీశారు, దర్శకుడిగా ఆయనకి పేరు నిలవలేదు. కానీ అన్నిసార్లు అదే సీసా చేతికిచ్చినా జనం విసుక్కోలేదంటే, పాత వేషంలో కొత్త మాట పెట్టగలిగారు కాబట్టే. 2011లో ‘దూకుడు’లో సినిమా పిచ్చి పట్టిన బొక్కా వెంకట్రావు వేషం దొరికింది. తనని హీరోని చేస్తున్నారని నమ్మేసిన ఆ మనిషిని వెక్కిరించకుండా, జాలి గొలిపేంత నిజంగా చేశారు. నీలాంటి కుర్రాళ్ళు తప్పక చూడాల్సిన వేషం అది, నవ్వుకోవడానికే కాదు.

ఇప్పుడు రీల్సు ఉన్నాయి, ముప్పై సెకన్లలో పేరొస్తుంది అంటావు. వస్తుంది, కాదనను. మరుసటి రోజు ఏం పెడతావు? పక్కవాడి ఆడియోకి పెదాలు కదిపితే పేరు ఆ ఆడియోకే వస్తుంది. శ్రీరాం గారు వయసు మళ్ళాక, పెద్ద సినిమాల వేషాలు తగ్గాక, యూట్యూబులో సొంతంగా చిన్న సినిమాలు మొదలెట్టారు. పిలుపు కోసం కూర్చోకుండా తన పని తానే పుట్టించుకోగలిగారు. కొత్త వేదికలు రాసేవాడికే ఎక్కువ లాభం అనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. రాసేవాడికి డబ్బు ఎగ్గొడతారు, తెర మీద పేరు వెయ్యరు అన్నది మాత్రం నేను ఖండించలేను. అందుకే రాతని జీతం కోసం నేర్చుకోమనడం లేదు.

కాబట్టి ఇలా చెయ్యి. టిక్కెట్టు శివరాత్రి తీర్థం అయ్యాక తీసుకో. ఈలోగా మన ఊరి మనుషుల మీద ఒక్కోటి రెండు పేజీలకి మించకుండా ఐదు సీన్లు రాయి. పంటు దగ్గర టిక్కెట్లు కోసేవాడు, పాపికొండల బోటులో మైకు పట్టుకునేవాడు, ఎవరైనా సరే. పేర్లు మార్చు, ఎవరినీ నొప్పించకు. మీ అమ్మ వంట చేస్తుంటే చదివి వినిపించు. ఆవిడ ఎక్కడ నవ్విందో కాదు, ఎక్కడ కూరలోకి చూపు తిప్పుకుందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టు. ఆ గీతలతో సహా కాగితాలు నాకు పంపు. మీ నాన్నతో డబ్బు సంగతి అప్పుడు నేను మాట్లాడతాను.

ఇట్లు
మీ మావయ్య