కఱవుసీమలో కోడెదూడల మేపు

ఎఱ్ఱనేలపై మంచి వాన యొకటి పడినదనుకొందము. ఆ పదును మూడు నాలుగు దినములకంటె నిలువదు. ఆ దినములలో గొఱ్ఱు ఎంత నేలపై నడచునో అంత నేలలోనే వేరుశనగ సరిగా మొలచును. తక్కినది మఱియొక వానకొఱకు ఆకాశమును చూచుచుండవలసినదే. గొఱ్ఱు నడచుట యెద్దుల బలమును బట్టి యుండును. యెద్దుల బలమో, నాలుగైదేండ్ల క్రిందట అవి దూడలుగా నున్నప్పుడు తిన్న తిండిని బట్టి యుండును. ఈ రెండవ మాటను మనలో పెక్కుమంది మఱచుచున్నాము.

ట్రాక్టరు లేని యూరు లేదు గదా, ఇంకను కోడెదూడల మాట యెందుకని కొందఱు సభ్యులు అడుగవచ్చును. ఊరివారికందఱికిని ఒకేదినమున పదును వచ్చినప్పుడు బాడుగ ట్రాక్టరు మొదట ఎవరి చేనికి పోవునో చిన్నరైతులకు తెలియనిది కాదు. పైరు మొలచిన పిమ్మట సాళ్ళనడుమ గుంటక పాయుటకు నేటికిని యెద్దులే యనుకూలము. కోడెదూడను ఉంచుకొనవలెనో విక్రయింపవలెనో ఎవరి లెక్క వారిది. ఉంచుకొనదలచినవారు మాత్రము దానిని సగము కడుపుతో పెంచుట, విక్రయించుటకంటె నష్టము.

మన సీమలో ఏడాదికి కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు కాలమునకు కురియదు. 1876-78 నాటి ధాత కఱవులో మనుష్యులతోపాటు పశువులును గుంపులుగా నశించినవి. అంతటి కఱవు మరల రాకపోయినను, చిన్నకఱవులు మన యింటి చుట్టములవలె వచ్చుచునే యున్నవి. అట్టి యేట రైతు కొట్టములో మేత పంచు వరుస యెట్లుండును? మొదట కాడియెద్దులకు, తరువాత పాడియావునకు, గాడిలో మిగిలిన పుల్లలు దూడకు. ఈ వరుసను తిరుగవేయవలెనని నా మనవి.

కారణము చెప్పెదను. సంక్రాంతి గడచినది మొదలు తొలకరివఱకు పనిలేక నిలిచియున్న యెద్దు కండ తగ్గినను, ఏరువాకకు ఒకటి రెండు నెలల ముందు మంచి మేత పడినయెడల మరల కోలుకొనును. దాని యెముకల చట్రము అదివఱకే కట్టబడి యున్నది. పోయినది కండ మాత్రమే. దూడ సంగతి యట్లు కాదు. అది చట్రమును కట్టుకొనుచున్న కాలము. కొలదికాలపు కొఱత యైనచో తరువాతి మేతతో కొంతవఱకు పూడుకొనును గాని, తొలియేట నెలలతరబడి మాడిన దూడ, పిమ్మట గాడినిండ వేసినను, తన జాతికి తగిన యెత్తును వెడల్పును అందుకొనజాలదు.

ఇందులో కంటిని మోసగించు సంగతి యొకటి గలదు. అమెరికాలోని మిస్సౌరీ విశ్వవిద్యాలయమున వాటర్సు అను పండితుడు పెరుగుచున్న కోడెలకు బరువు పెరుగకుండను తఱుగకుండను ఉండునంతమాత్రపు మేతయే వేసి చూచి, ఆ ఫలితములను 1908లో వెల్లడించెను. బరువు నిలిచిపోయినను ఆ కోడెలు కొన్ని నెలలు ఎత్తు పెరుగుచునే యుండెనట! తమ ఒంటిలోని క్రొవ్వును కరగించుకొని యెముకను పెంచుకొన్నవన్నమాట. ఆ నిలువ తీరిన పిమ్మట పెరుగుదలయు నిలిచిపోవును. మన కొట్టములలో డొక్కలు తేలి, కాళ్ళుమాత్రము పొడవైన దూడను చూచి “బాగుగానే యెదుగుచున్నది” అని మనము సంతసించుట ఇట్టిదే.

ఈనిన దినము మొదలు క్రమముగా చూతము. ఆవు కడుపులో నున్నప్పుడు తల్లినుండి దూడకు రోగములను అడ్డుకొను శక్తి రాదు. అది జున్నుపాలలోనే వచ్చును. ఆ శక్తిని దూడ ప్రేగు పీల్చుకొనునది మొదటి దినముననే. అందును తొలిగంటలలో మిక్కిలి యెక్కువ. కావున దూడ లేచి నిలుచుటకు యత్నించుచుండగనే, గంట రెండుగంటలలోపల, చన్ను పట్టింపవలెను. మావి పడినగాని పాలు త్రాగనీయరాదను పాత నమ్మిక వలన ఎన్ని దూడలు పదిదినములు తిరుగకమునుపే పారుడుతో చనిపోయినవో లెక్కలేదు. ఇరువది కిలోల దూడకు మొదటిదినమున రెండులీటర్ల జున్నుపాలైనను పడవలెను. జున్ను అందఱకును ప్రియమే. బెల్లము వేసి వండినచో నాకును ప్రియమే. అయినను తొలి రెండుపూటలవి దూడవి. దాని కడుపు నిండిన తరువాతనే మన గిన్నె.

తరువాత మూడునెలలు పాలే ముఖ్యము. దూడ పుట్టునప్పుడు దాని నాలుగవ కడుపే పెద్దది. మేతను పులియబెట్టి అరగించు మొదటి పెద్దకడుపు పిడికెడంత. అది పెరిగి పనిలోనికి వచ్చుటకు సుమారు మూడునెలలు పట్టును. అంతవఱకు చొప్ప కొఱికినను అది ఆటయే కాని ఆహారము కాదు. దినమునకు దూడ బరువులో పదియవవంతు పాలు ఆరు, ఎనిమిది వారములవఱకు ఇచ్చి, పిమ్మట మెల్లగా తగ్గింపవచ్చును. నాటు ఆవులయొద్ద ఒక చన్నును పూర్తిగా దూడకు విడుచు మన పెద్దల పద్ధతి మంచిదే. కాని పిండుకొన్న చన్నులు మూడును ఖాళీచేసి, నాలుగవదానిలో “కొంచెము” విడిచితిమనుట విడుచుట కాదు.

రెండవ వారమునుండియే పిడికెడు దాణాను దూడ మూతి యొద్ద ఉంచవలెను. దాణా పులిసినప్పుడు పుట్టు ద్రవ్యములే పెద్దకడుపు లోపలిపొరను పెంచును. ఇందుకై పదికిలోలకు ఇట్లు కలుపవచ్చును: జొన్ననూక 4 కిలోలు, వేరుశనగచెక్క రెండున్నర, వేయించి విసరిన ఉలవపిండి ఒకటిన్నర, తవుడు 1 కిలో 700 గ్రాములు, ఖనిజలవణ మిశ్రమము 200 గ్రాములు, ఉప్పు 100 గ్రాములు. మూడవనెలకు దినమునకు పావుకిలోనుండి అరకిలోవఱకు, ఆరవనెలకు ముప్పావునుండి కిలోవఱకు అలవాటగును. ఖర్చు ఎక్కువయను సభ్యులు చెక్కను, ఖనిజ మిశ్రమమును పదిమంది కలిసి సంఘము మూలముగా తెప్పించుకొన్నచో చిల్లర ధర తప్పును.

ఉలవల మాట వచ్చినది గనుక ఒకటి చెప్పెదను. దక్షిణదేశమున గుఱ్ఱములను పెంచినవారందఱును ఉడికించిన ఉలవలమీదనే ఆధారపడిరి. దొరలు ఆ గింజకు గుఱ్ఱపుశనగ యనియే పేరుపెట్టిరి. పచ్చి యులవలో అరుగుదలను అడ్డు గుణము గలదు. ఉడికించినను వేయించినను అది చాలవఱకు పోవును. ఉడికిన నీరు ఇంటిలో చారుగను, గుగ్గిళ్ళు కొట్టములో దాణాగను పోవుట మనకు వాడుకయే. ఇరువదిపాళ్ళకు మించిన మాంసకృత్తు గల యీ గింజ, ఏ పైరును పండని చేనిలో గూడ ఎంతోకొంత పండును. ఆ గుఱ్ఱపుశాలలవారే మఱియొక పాఠమును నేర్చుకొనిరి: తవుడే ప్రధానముగా పెట్టిన గుఱ్ఱమునకు సున్నపుసత్తువ చాలక ముఖమునందలి యెముకలు ఉబ్బును. తవుడులో భాస్వరము మెండు, సున్నము తక్కువ. దూడకు కూడ తవుడు, గడ్డి మాత్రమే వేసినచో ఎముక గట్టిపడదు. అదృష్టవశమున సున్నపుసత్తువ గల వేరుశనగకట్టె మన చేలలోనే యున్నది.

ఈ కట్టెను గుఱించి కొంచెము విస్తరించి వ్రాయవలసియున్నది. చొప్పలో మాంసకృత్తు నూటికి మూడు నాలుగు పాళ్ళకు మించదు. ఏడాదిలోపు దూడకు మొత్తము మేతలో పండ్రెండు పాళ్ళకు తక్కువ కారాదు. మంచి కట్టెలో ఎనిమిదినుండి పండ్రెండువఱకు ఉండును. కాని “మంచి” యనునది ఆకును బట్టి. సత్తువ ఆకులోనిది, కాడ వట్టిపీచు. మధ్యాహ్నపు టెండలో కట్టెను ఈడ్చి బండికెత్తినప్పుడు ఆకు పొడియై చేనిలోనే రాలును. మనము ఇంటికి తెచ్చునది పుల్లలు. తెల్లవారుజామున మంచుకు మెత్తబడియున్నప్పుడు ఎత్తి, బాగుగా ఆరినతరువాత వామి వేయవలెను. తడికట్టెను వామి వేసిన లోపల నల్లబడి బూజుపట్టును.

బూజు సామాన్యమైన చెఱుపు కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు మించిన టర్కీకోళ్ళు కారణము తెలియక చచ్చెను; విచారింపగా వాటికి పెట్టిన వేరుశనగచెక్కలోని బూజువిషమని తేలినది. దానికే అఫ్లాటాక్సిను అని పేరు. కాయ ఊరుదశలో వానలేక ఎండదెబ్బ తిన్నపైరులో ఈ బూజు భూమిలోనుండగనే కాయలోనికి ప్రవేశించును. అనగా కఱవేటి పంటయే ఎక్కువ అనుమానింపదగినది. ఈ విషము లేతపశువులను ముందు పట్టును. ఒకేసారి చంపకపోయినను కాలేయమును చెఱచి ఎదుగుదలను నిలుపును. ముసలియెద్దు తిని అరగించుకొన్నది గదా యని బూజుచెక్కను దూడకు వేయరాదు. చెక్కను నేలపై గాక పలకలపై పేర్చి, నెలకు సరిపడునంతే కొనుట మేలు.

మఱియొక యపాయము పచ్చిజొన్నలో నున్నది. వానలేక గిడసబారిన లేతజొన్నలోను, వాన పడగానే ఆ మోళ్ళనుండి వచ్చు చిగుళ్ళలోను తీవ్రమైన విషము పుట్టును. మేసిన కొద్దినిమిషములలో పశువు రొప్పుచు నురుగు క్రక్కి పడిపోవును. వైద్యుడు వెంటనే సూదిమందు ఇచ్చిన బ్రదుకవచ్చును గాని, చేనినుండి ఆస్పత్రి ఎంతదూరమో ఎవరికి తెలియదు? పూత పట్టినది గాని బాగుగా ఎండినది గాని వేయుడు. గన్నేరు మొదలగు అందపుచెట్ల కొమ్మలను నఱికి దూడల ముందు పడవేయుట కూడ కూడదు. గన్నేరు ఆకులు కొన్నియే దూడను చంపగలవు.

అవిసె, సుబాబులు ఆకులు కఱవులో పెద్దయాసరా. సుబాబులు మాత్రము మేతలో మూడవవంతు దాటరాదు. ఎక్కువైన వెండ్రుకలు రాలును. యూరియాతో మాగబెట్టిన గడ్డి పెద్దపశువులకు మంచిదే కాని ఆరునెలలు నిండని దూడలకు పనికిరాదు. యూరియాను నీటిలో కలిపి త్రావించుట ఏ పశువునకైనను ప్రాణాపాయము.

ఎంత మేపినను బొజ్జ ముందునకు వచ్చి, వెండ్రుక గరుకై, దూడ సన్నగిల్లుచున్నచో లోపల నులిపురుగులున్నవని తలంపుడు. వీనిలో ఒకజాతి తల్లిపాలద్వారమే దూడను చేరును గనుక, రెండు మూడు వారముల వయసుననే పశువైద్యుని అడిగి మందు పట్టింపవలెను. లోతైన బోర్ల నీటిలో ఫ్లోరైడు మిక్కిలిగా నున్న గ్రామములలో, పళ్ళు ఏర్పడుచున్న వయసున దూడలకు ఆ నీరే త్రావించినచో పళ్ళు మచ్చలుపడి త్వరగా అరుగును. చెఱువునీరు గాని వాననీరు గాని ఉన్నంతకాలము దూడలకది ముందు.

దూడ ఎదుగుచున్నదో లేదో తెలిసికొనుటకు కాటా అక్కఱలేదు, తాడు చాలును. ప్రతి పున్నమికి ముందుకాళ్ళ వెనుకగా ఱొమ్ముచుట్టు తాడు చుట్టి ముడి వేయుడు. ముడి నెలనెలకు జరుగవలెను. రెండుపున్నములు జరుగనిచో మేతలోనో కడుపులోనో లోపమున్నది. బరువే కావలసినవారు ఆ చుట్టుకొలతను అంగుళములలో తీసి, దానిని దానితోనే హెచ్చించి, భుజపు మొననుండి పిఱుదుటెముక కొనవఱకు గల పొడవుతో మరల హెచ్చించి, 660చే భాగించిన కిలోలు వచ్చును. చుట్టు 40, పొడవు 36 అంగుళములైన 87 కిలోలు. మన నాటుదూడ దినమునకు మున్నూఱు గ్రాములు, అనగా నెలకు తొమ్మిదికిలోలు పెరిగిన తృప్తిపడవచ్చును.

కాడి కట్టుట యేండ్లను బట్టి గాక పళ్ళను, తాడును బట్టి జరుగవలెను. రెండుపళ్ళు సుమారు రెండున్నరయేండ్లకు వచ్చును. అప్పుడు తేలిక కాడితో నడక నేర్పవచ్చును, పని చేయింపరాదు. నాలుగుపళ్ళకు తేలికపని, ఆరుపళ్ళకు పూర్తిపని. ఈ తప్పును నేను చేసినవాడనే. ఒకయేట వాన ఆలస్యమై, పదును పోవునను ఆత్రముతో రెండుపళ్ళ కోడెలజతను ఆఱుదినములు గొఱ్ఱుకు కట్టితిని. విత్తనము పడినది. ఎడమకోడె ముందుకాలు మాత్రము మోకాలియొద్ద వంగిపోయి మరల సరికాలేదు. ఆ జతను విడదీసి, వచ్చిన వెలకు విడిచితిని. దాని యెముకలు అప్పటికింకను ముదురలేదని తరువాత తెలిసినది. తెలియుటవలన కాలు తిన్ననగునా!

ఇక మేత నిలువ లెక్క. నూఱుకిలోల దూడ దినమునకు రెండున్నరనుండి మూడుకిలోల ఎండుమేత తినును. దాణా పోను రెండుకిలోల కట్టె వేసికొనుడు. పుష్యమునుండి తొలకరి పచ్చికవఱకు ఇన్నూఱు దినములైన, ఒక్కొక్క దూడకు నాలుగువందల కిలోలు. మీ యెకరమునకు ఎంత కట్టె వచ్చునో మీకే తెలియును. కళ్ళమునుండి తోలునప్పుడే ఆకుగల కట్టెలో ఇంతను వేఱుచేసి, వామిదొడ్డిలో ఒకమూలను చిన్నవామిగా వేసి ముండ్లకంప కట్టుడు. పెద్దవామి తఱిగిన కొలదియు ఇంటిలో అందఱికన్నును దానిపైననే పడును. ఏరువాక దగ్గఱకు వచ్చినప్పుడు యెద్దులకని నాలుగుమోపులు తీయబుద్ధి పుట్టును. యెద్దులకు చొప్ప వెదకుడు, అప్పు తెండు, సంఘమును అడుగుడు. కంప తీయవలదు.