జన్యుమార్పిడి నాచుతో ఇంధనం – మన చెరువులకు క్షేమమేనా?

మనం నాచు అని పిలిచేదానిని వృక్షశాస్త్ర పుస్తకాలలో శైవలాలు అంటారు. మెట్ల మీద కాలు జారించే ఈ నాచు నుండి బస్సులు, విమానాలు నడిపే ఇంధనం తీయవచ్చని శాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దాలుగా పరిశోధనలు చేస్తున్నారు. నూనె ఎక్కువగా రావాలని దాని జన్యువులను కూడా మారుస్తున్నారు. అలా మార్చిన నాచు ప్రయోగశాల దాటి బయటి నీటిలో పడితే ఏమవుతుంది? పి.జి.లో మేము చదువుకున్న ఈ విషయాన్ని హాస్టల్ మిత్రులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

నాచులో నూనె ఎలా వస్తుంది?

కంటికి కనిపించనంత చిన్నవైన ఏకకణ శైవలాలు సూర్యరశ్మి, నీరు, కార్బన్ డయాక్సైడ్, కొద్దిపాటి నత్రజని, భాస్వరంతో పెరుగుతాయి. అనుకూల పరిస్థితులుంటే కొన్ని జాతులు ఒక్క రోజులోనే రెట్టింపు అవుతాయి. వీటి కణాలలో కొవ్వు నిల్వ ఉంటుంది. ఆ నూనెను తీసి మిథనాల్‌తో చర్య జరిపితే బయోడీజిల్, గ్లిసరాల్ ఏర్పడతాయి. కానుగ, జత్రోఫా గింజల నూనెకు కూడా ఇదే పద్ధతి. అయితే నాచుకు పంటభూమి అక్కరలేదు. కొన్ని జాతులు ఉప్పునీటిలోనూ పెరుగుతాయి.

చిక్కు ఒకటుంది. నత్రజని అందనప్పుడు చాలా జాతులలో నూనె పెరుగుతుంది, కానీ ఎదుగుదల ఆగిపోతుంది. రెండూ ఒకేసారి కావాలనే ఉద్దేశంతోనే జన్యుమార్పిడి మొదలైంది.

ఇంతవరకు జరిగిన ప్రయత్నాలు

అమెరికా ఇంధన శాఖ 1978 నుండి 1996 వరకు నాచు ఇంధనంపై పెద్ద పరిశోధన జరిపింది. సైక్లోటెల్లా అనే డయాటమ్‌లో కొవ్వు తయారీకి అవసరమైన ఎంజైమ్ జన్యువును అదనంగా చేర్చారు. ఎంజైమ్ పెరిగింది గాని నూనె పెరగలేదు. 2009లో ఎక్సాన్‌మొబిల్ కంపెనీ సింథటిక్ జెనోమిక్స్ అనే సంస్థతో కలిసి పరిశోధన చేపట్టింది. 2017లో ఒక జాతిలో నూనెను 20 శాతం నుండి 40 శాతం పైకి పెంచామని ప్రకటించారు. అయినా ఎక్సాన్‌మొబిల్ ఈ పని నుండి తప్పుకున్నట్లు 2023లో వార్తలు వచ్చాయి. అంటే నాచు పెట్రోలు రేపో మాపో బంకులోకి వచ్చేది కాదు. భద్రత గురించి తీరికగా ఆలోచించడానికి ఇదే సరైన సమయం.

భయం దేనికి?

2002లో మన దేశంలో అనుమతి పొందిన బి.టి. పత్తి మనందరికీ తెలుసు. పత్తి మొక్క చేనులో నిలబడి ఉంటుంది, వద్దనుకుంటే పీకి వేయవచ్చు. నాచు కణాన్ని అలా ఏరి వేయలేం. గాలి తుంపరలు, పక్షుల కాళ్లు, పురుగులు, వరద నీరు దానిని మోసుకుపోతాయి. అందుకే నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

1. తప్పించుకున్న నాచు బయట బతుకుతుందా?
2. బతికితే స్థానిక జాతులను అణచివేస్తుందా?
3. దానిలోని కొత్త జన్యువు ఇతర జీవులకు చేరుతుందా?
4. నీటిని, చేపలను, వాడుకునే మనుషులను బాధిస్తుందా?

నాచు అతిగా పెరిగితే రాత్రివేళ నీటిలోని ఆక్సిజన్‌ను అదే వాడేసుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం చేపల చెరువుల వాళ్లకు తెలిసినదే. గుర్రపుడెక్క జన్యుమార్పిడి మొక్క కాదు. అయినా దక్షిణ అమెరికా నుండి వచ్చి కొల్లేరును, ఎన్నో చెరువులను కమ్మేసింది. కాబట్టి జన్యువు మార్చారా లేదా అన్నది ఒక్కటే చాలదు, ఆ జీవి బయట ఎలా ప్రవర్తిస్తుందో చూడాలి.

శాన్ డియాగో పరీక్ష

ఈ ప్రశ్నలకు జవాబు వెతికిన ముఖ్యమైన ప్రయోగం అమెరికాలోని శాన్ డియాగోలో జరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, సఫైర్ ఎనర్జీ అనే కంపెనీ కలిసి అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ అనుమతితో జన్యుమార్పిడి చేసిన అక్యుటోడెస్మస్ డైమార్ఫస్ అనే నాచును 50 రోజులు ఆరుబయట పెంచారు. చుట్టూ నీటి బకెట్లు పెట్టి అది ఎంత దూరం పోతుందో గమనించారు. ఐదు సరస్సుల నీటిని తెచ్చి అందులోనూ వేసి చూశారు.

ఫలితాలు 2017లో వెలువడ్డాయి. నాచు తొట్లు దాటి బకెట్లకు చేరింది, కానీ దూరం పెరిగేకొద్దీ బాగా తగ్గింది. సరస్సు నీటిలో పెరిగింది గాని స్థానిక నాచును అణచలేదు. ఇది ఊరటనిచ్చే ఫలితమే. అయితే ఇది ఒక్క జాతి, ఒక్క వాతావరణం, 50 రోజుల లెక్క. ఉప్పునీటి జాతికో, వర్షాకాలంలో పొంగే మన చెరువుకో దీనిని యథాతథంగా వర్తింపజేయలేం. బయటికి పోవడం మాత్రం ఖాయమని ఇది తేల్చింది.

రక్షణ మార్గాలు

ఆరుబయట తొట్లకు బదులు మూసిన గాజు గొట్టాలలో పెంచడం ఒక మార్గం, కానీ ఖర్చు ఎక్కువ. రెండవది, బయట దొరకని ఆహారం మీదనే బతికేలా జీవిని మార్చడం. జపాన్‌లోని హిరోషిమా విశ్వవిద్యాలయం వారు 2018లో ఒక నీలి ఆకుపచ్చ శైవలాన్ని ప్రకృతిలో అరుదైన ఫాస్ఫైట్ ఉంటేనే పెరిగేలా మార్చారు. కంచె తెగినా బయట ఆకలితో చస్తుందన్నమాట. ఏ పద్ధతీ నూటికి నూరుపాళ్లు కాదు గనుక రెండు మూడు కలిపి వాడాలి.

మన దేశంలో చట్టం

పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద 1989లో వచ్చిన నియమాలు జన్యుమార్పిడి సూక్ష్మజీవులకు వర్తిస్తాయి. పరిశోధన చేసే ప్రతి సంస్థలో జీవభద్రతా కమిటీ ఉండాలి. బయట విడుదలకు కేంద్ర పర్యావరణ శాఖలోని జి.ఇ.ఎ.సి. అనుమతి కావాలి. అవసరమైన చోట కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలని కూడా ఈ నియమాలు చెబుతున్నాయి. అంతర్జాతీయంగా 2000లో కార్టజీనా ఒప్పందం కుదిరింది. మన దేశం దానిని 2003లో ఆమోదించింది.

ముగింపు

నాచు ఇంధనాన్ని గుడ్డిగా వద్దనడం, గుడ్డిగా రమ్మనడం రెండూ శాస్త్రీయం కావు. చిన్న మోతాదులో, దశలవారీగా, మన నీటిలోనే పరీక్షించి, ఫలితాలను తెలుగులో ప్రజల ముందు పెట్టాలి. చవదార్ చెరువు నీరు అందరిదని 1927లో మహద్‌లో అంబేద్కర్ నిలబడ్డారు. ఆ నీటిలో ఏమి కలుస్తుందో అడిగే హక్కు కూడా అందరిదే. పొలంలో బోరు లేని కుటుంబానికి, చేపలు పట్టే కుటుంబానికి చెరువు చెడితే మరో ఆధారం ఉండదు. మన ఇళ్లలో ఇలాంటి చదువు చదివిన మొదటి తరం మనమే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సైన్సు గ్రూపు కష్టమని వదిలేయకండి. రేపు ఆ కమిటీలలో పై నాలుగు ప్రశ్నలు అడిగేవారు మన హాస్టల్ నుండి కూడా రావాలని మా ఆకాంక్ష.