గండికోట అంచున కొండనడక - మార్గదర్శి ఆవశ్యకత

కొండాపురం ప్రాంతం మీదుగా తూర్పుదిక్కుగా పారే పెన్నానది జమ్మలమడుగు చేరకముందే ఎర్రమల కొండలను నిలువునా కోసుకొని పోతుంది. నది కోసిన ఆ చీలికకే గండి అని పేరు. గండి ఒడ్డున వెలసిన కోట గండికోట. జమ్మలమడుగుకు పడమరగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కోటగోడల లోపల నేటికీ ఒక చిన్న పల్లె కాపురముంటున్నది. ఇటీవలి సంవత్సరాలలో సెలవు దినాలు వచ్చినవంటే బెంగుళూరు, హైదరాబాదు నగరాల నుండి యువజనులు గుడారాలతో వచ్చి, లోయ అంచున ఒక రాత్రి గడిపి, సూర్యోదయం చూచి పోవడం పరిపాటి అయినది. మన విద్యార్థులకు కూడా ఆ ఉత్సాహం కలుగుట సహజమే. కోట చరిత్రను సమగ్రంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అక్కడ కొండనడక సాగించి, ఒక రాత్రి విడిది చేసి, క్షేమంగా తిరిగి రావలెనన్నచో ఆ పల్లెకు చెందిన మార్గదర్శి ఎందుకు అవసరమో, అతని పట్ల మన బాధ్యత ఏమిటో చెప్పదలచినాను.

ముందుగా అక్కడి రాతిని గురించి తెలిసికొనవలెను. గండికోట బండలను ఎర్ర గ్రానైటు అని చాలామంది వ్రాస్తున్నారు. అది పొరపాటు. అవి క్వార్ట్‌జైట్ శిలలు. అనగా ఒకనాటి ఇసుక పొరలు పొరలుగా పేరుకొని, గట్టిపడి, ఇసుకరాయిగాను, ఆపైన అంతకంటె కఠినమైన శిలగాను మారినవి. అవి అతి ప్రాచీనమైన శిలలు. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ శిలాసమూహాలకు పులివెందుల, తాడిపత్రి, గండికోట అని మన ఊళ్ళ పేర్లే పెట్టినారు. నడిచే వానికి ఇందులో తెలియవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఈ రాయి అడ్డంగా పొరలుగాను, నిలువుగా పగుళ్ళుగాను విడివడుతుంది. అందువలన లోయ గోడ ఒకే బండవలె కాక, ఒకదానిపై ఒకటి పేర్చిన పెట్టెలవలె కనిపిస్తుంది. పైనున్న పెట్టె కదలకుండ ఉన్నదో, క్రిందిది జారిపోయి ఊరక నిలిచి ఉన్నదో చూపుకు తెలియదు. సుమారు మూడు వందల అడుగుల లోతున నది. చాలచోట్ల అంచున గోడ గాని, కంచె గాని లేదు.

ఈ ప్రదేశంలో దారి ఎల్లప్పుడూ కష్టమే. 1650లో గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా ఈ కోటను పెమ్మసాని నాయకుల నుండి వశపరచుకొనినాడు. కోటలోని జామియా మసీదు ఆయన పేరుతోనే ముడిపడి ఉన్నది. ఆయనకు రత్నాలు చూపడానికై 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, పైకి ఎక్కడానికి గల దుర్గమమైన దారి కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పు మాత్రమే ఉన్నదని తన యాత్రాగ్రంథంలో చెప్పినాడు. నేడు కోట ద్వారం వరకు రోడ్డు వచ్చినది. మసీదు, మాధవరాయస్వామి ఆలయం, ధాన్యాగారం, జైలుగా చెప్పుకొనే కట్టడం తీరికగా చూడవచ్చు. అయితే రోడ్డు ఆగినచోట టావెర్నియర్ నాటి కొండ అట్లే ఉన్నది.

మా అనుభవం ఒకటి చెప్పెదను. ఒక శీతకాలంలో పదునాలుగు మంది విద్యార్థులతో అక్కడికి పోయినాము. ఉర్దూ, తెలుగు శాఖల వారు సమంగా ఉన్నారు. పల్లెలో మేకలు కాచే ఒక పెద్దాయన దారి చూపుటకు ఒప్పుకొనినాడు. ఒక పగలు, ఒక రాత్రి ఉండుటకు ఆయన అడిగిన మొత్తంలో మూడవ వంతు తగ్గించి బేరమాడినాము. విద్యార్థుల సొమ్ము ఆదా చేసినానన్న తృప్తి కూడా నాకు కలిగినది.

సాయంకాలం లోయ అంచున మా పిల్లవాడొకడు నదిని బాగుగా చూడవలెనని ముందుకు పొడుచుకొని వచ్చిన బండపై కాలు మోపినాడు. నేను కేక వేయబోగా పెద్దాయన నా చేయి పట్టి ఆపినాడు. “అరవద్దు సారూ, బెదిరి తిరుగుతాడు” అని, మెల్లగా, “అబ్బీ, నీ చెప్పు తెగినట్టుంది, ఇట్లా వచ్చి చూసుకో” అని పిలిచినాడు. పిల్లవాడు క్రిందికి చూచుకొంటూ వెనుకకు వచ్చినాడు. చెప్పు తెగలేదు. అప్పుడు పెద్దాయన తన కర్రతో ఆ బండ చివరను నొక్కి చూపినాడు. అది కదిలినది! ఆ వేసవిలో తన మేకపిల్ల ఒకటి అక్కడనే పోయినదట. ఆ సంగతి ఏ పటంలోను ఉండదు.

గుడారాలు వేయుటకు మేము ఎంచుకొన్న చదునైన చోటు కూడా ఆయనకు నచ్చలేదు. “గాలి పైనుంచి రాదు, లోయలోనుంచి లేస్తాది” అని చెప్పి, అంచుకు దూరంగా, గుట్ట చాటున వేయించినాడు. నడిరాత్రి వీచిన గాలికి మొదటి చోట మరచిన చాప ఒకటి తెల్లవారేసరికి కనిపించలేదు. ఈ విషయంలో నా సలహా: అంచు నుండి కనీసం యాభై అడుగుల ఎడం ఉండవలెను, చీకటి పడిన తరువాత ఎవరును ఒంటరిగా లేవరాదు. కోట పురావస్తుశాఖ రక్షణలో ఉన్నది కనుక మసీదు, ఆలయ ప్రాంగణాలలో గాని, బురుజులపై గాని గుడారం వేయరాదు, నిప్పు రాజేయరాదు. చరియలకు తేనెపట్టులున్నచోట పొగ, కేకలు ప్రమాదకరం. పాము కరచినచో కోయుట, బిగించి కట్టుట పాతకాలపు పొరపాట్లు; కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. ఎండకాలంలో ఆ రాయి పెనమువలె కాలుతుంది. అప్పుడు పోకుండుటే మేలు. చలికాలంలోనైనను మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీరు మోసికొని పోవలెను.

నీటి సంగతి మరియొకటి ఉన్నది. కోటకు దిగువన మైలవరం జలాశయం, ఎగువన గాలేరు-నగరి పథకంలో భాగమైన గండికోట జలాశయం ఉన్నవి. రెండవదాని పూర్తి నిల్వ 26.85 టి.ఎం.సి.లు. కృష్ణా జలాలు శ్రీశైలం నుండి ఇంత దూరం వచ్చి ఇక్కడ నిలుస్తున్నవి. నీరు విడిచినప్పుడు లోయలో మట్టం పెరుగుతుంది. నిన్న నడిచిన ఒడ్డు నేడు ఉండకపోవచ్చు. అడుగక దిగరాదు.

ఆ జలాశయం క్రింద కొండాపురం మండలంలోని పల్లెలు మునిగినవి. 2020లో తాళ్ళప్రొద్దుటూరు ప్రజలు నీరు ఇళ్ళలోకి వస్తుండగా ఊరు విడువవలసి వచ్చినది. జలాశయానికి ముందు గీసిన పటాలలో ఆ పల్లెలకు పోయే బాటలు ఇంకను కనిపిస్తవి. ఆ పటాన్ని నమ్మి బయలుదేరినవాడు నీటి ఒడ్డున నిలిచిపోవలసినదే. ఏ బాట మునిగినదో, ఏ మేకల దారి మిగిలినదో నేటికి తెలిసినవారు ఈ ప్రాంతపు కాపరులు, జాలరులు మాత్రమే. పొలం పోయినవానికి మిగిలిన ఆస్తి ఈ తెలివి. దానికి మనం ఎంత వెల కట్టినామో పైన చెప్పినాను.

ఈ సమస్య మనకే ప్రత్యేకం కాదు. ఫ్రాన్సులో మాంబ్లా పర్వత పాదాన షామొనీ అనే గ్రామం ఉన్నది. 1820లో ఒక యాత్రాబృందాన్ని పైకి తీసికొనిపోతూ ముగ్గురు మార్గదర్శులు మంచుచరియలో పడి మరణించినారు. మరుసటి సంవత్సరమే, 1821లో, ఆ ఊరి మార్గదర్శులు సంఘంగా ఏర్పడినారు. వంతులవారీగా పని పంచుకొనుట, ఆపదలో కుటుంబాలకు సహాయనిధి ఏర్పరచుట వారి ముఖ్య నియమాలు. వంతు పద్ధతి వలన బేరం పోయినది; ఒకరికంటె ఒకరు తక్కువకు వచ్చుట తప్పినది. గండికోట పల్లెలో ఇటువంటి ఏర్పాటు జరిగినచో యాత్రికునికి కూడా మేలు, ఏలయన తక్కువ కూలికి కుదిరినవాడు తొందరగా ముగించి పోవలెననుకొనుట మానవ స్వభావం. మా పెద్దాయన అట్లు చేయలేదు; కాని అందరి నుండి అంతటి ఔదార్యం ఆశించుట న్యాయం కాదు.

మరునాటి ఉదయం సూర్యుడు లోయ తూర్పు కొసన పొడుచుచుండగా, తగ్గించిన మొత్తాన్ని కలిపి ఇవ్వబోయినాను. ఆయన లెక్కించి, బేరం ప్రకారమే తీసికొని, మిగిలినది తిరిగి నా చేతిలో పెట్టి, “ఈసారి వచ్చినప్పుడు ముందే ఇయ్యండి సారూ” అన్నాడు.

మా విహారయాత్రా సంఘం లెక్కల పుస్తకంలో ఇప్పుడు మార్గదర్శి వేతనం మొదటి పద్దు. బస్సు కిరాయి, బియ్యం, గుడారాల అద్దె దాని తరువాత వ్రాస్తున్నాము. పదునైదు మందికి ఒక్క మార్గదర్శి చాలడని తెలిసినది గనుక రాబోవు యాత్రకు ఇద్దరిని కుదుర్చుకొనినాము. అందులో ఒకరు ఆ పెద్దాయనే.