అతడు తల ఊపాడా?

శాస్త్రచర్చలో సిద్ధాంతానికి ముందు పూర్వపక్షం వస్తుంది. ప్రతివాది మాటను అతడే ఔననేటట్లు చెప్పి, ఆ మీదటనే ఖండించడం మర్యాద. అద్వైతానికి భామతి రచించిన వాచస్పతిమిశ్రులు న్యాయ, సాంఖ్య, యోగశాస్త్రాలకు కూడా ఆయా మతస్థులు శిరసావహించే వ్యాఖ్యలు రచించారు.

యౌవనగర్వంలో నాకు ఈ మర్యాద పట్టలేదు. జమ్మలమడుగులో ఒక వాక్యార్థసభ. నేను అద్వైతిని, ఎదుట కూర్చున్న సహాధ్యాయి విశిష్టాద్వైతి. అతని పక్షాన్ని పలుచన చేసి చెప్పి, తేలికగా పడగొట్టి, శాలువ కప్పించుకున్నాను. ప్రొద్దుటూరు చేరిన రాత్రి, కీర్తిశేషులైన మా గురువుగారు ఒకే ప్రశ్న అడిగారు: “నాయనా, నీవు పూర్వపక్షం చెప్పినప్పుడు అతడు తల ఊపాడా?”

ఊపలేదు.

మరునాటి నుండి నాచేత శ్రీభాష్యం చదివించారు. ఆ పక్షం నేను వహించాలి, తాము ఖండించేవారు. శ్రీవైష్ణవులైన పుట్టపర్తి నారాయణాచార్యులవారు మన ఊరి అగస్త్యేశ్వరాలయంలోనే శివతాండవం రచించారని మధ్యమధ్య గుర్తుచేసేవారు. మొదట్లో మాటలు మాత్రమే వల్లించాను. ఒకనాడు, జగత్తు భగవంతునికి శరీరమన్న మాటను సమర్థిస్తూ ఉండగా నా గొంతు పూడుకుపోయింది. శరీరాన్ని ధరించేది ఆత్మయే కదా! ధరించినవాడు విడువడన్న ధైర్యంతోనే అతని ఇంటివారు తరతరాలుగా శరణాగతి చేస్తున్నారు. నేను సభలో నవ్వింది దానిని చూసి.

నేటికీ నేను అద్వైతినే. అయితే ఆ వారంలోనే బస్సెక్కి పులివెందులలోని అతని ఇంటికి వెళ్లి, అతని పక్షాన్ని మళ్లీ చెప్పాను. శ్రద్ధగా విని, ఒకచోట దిద్దాడు. తరువాత తల ఊపి, భోజనానికి లేవమన్నాడు.