ఇంటిపేరు మారితే తండ్రి బాధ్యత తీరిపోతుందా?

తలాఖ్ లేక ఖులా తరువాత చిన్న పిల్లలు సాధారణంగా తల్లి వద్దే పెరుగుతారు. బడిలో చేర్పించే రోజున తల్లి వారికి తన పుట్టింటి వారి ఇంటిపేరు రాయిస్తుంది. ఆమె మరో నికాహ్ చేసుకుంటే కొత్త భర్త ఇంటిపేరు వచ్చి చేరుతుంది. ఈ సంగతి తెలిసిన తండ్రి, "నా పేరే అక్కర్లేనప్పుడు నా డబ్బు మాత్రం ఎందుకు?" అని ఖర్చు ఆపేస్తాడు. "ఒక్క రూపాయి ఇవ్వని వాడి పేరు నా బిడ్డకెందుకు?" అని తల్లి అంటుంది. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉన్నట్టే తోస్తుంది. కాని షరీఅత్ దృష్టిలో రెండూ తప్పే. తండ్రి పేరు, తండ్రి పోషణ రెండూ బిడ్డ హక్కులు. ఒకటి మరొకదానికి వెల కాదు.

నసబ్ వేరు, ఇంటిపేరు వేరు

దైవప్రవక్త (సఅసం) హజ్రత్ జైద్ (రజి)ను కన్నకొడుకులా పెంచారు. ప్రజలు ఆయనను ముహమ్మద్ కుమారుడు జైద్ అని పిలిచేవారు. అప్పుడు అహ్‌జాబ్ సూరాలోని 4, 5 ఆయతులు అవతరించాయి. పెంపుడు పిల్లలను వారి కన్నతండ్రుల పేర్లతోనే పిలవాలని, అల్లాహ్ వద్ద అదే న్యాయమని వాటిలో ఆదేశం వచ్చింది. ఆ రోజు నుండి ఆయన మళ్ళీ జైద్ బిన్ హారిసా అయ్యారు. తెలిసి తెలిసి తన తండ్రి కాని వాడిని తండ్రిగా చెప్పుకునేవాడికి స్వర్గం నిషిద్ధమని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు హెచ్చరిస్తోంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. షేక్, సయ్యద్, పఠాన్, మొహమ్మద్ వంటివి మన ప్రాంతంలో ఇంటిపేర్లుగా వాడుకలో ఉన్నాయి. తండ్రి పేరు రాసే చోట కన్నతండ్రి పేరే ఉండి, ముందున్న ఇంటిపేరు మాత్రమే మారితే దానితో నసబ్ మారినట్టు కాదు. అయితే వేరే వంశం వారని జనం పొరబడేలా ఉంటే దాన్ని కూడా మానుకోవడమే మేలు. తండ్రి పేరు కొట్టివేసి మరొకరి పేరు రాయించడం మాత్రం నిషిద్ధం. దానివల్ల వారసత్వంలో, మహ్రమ్ విషయంలో, రేపు పిల్లల నికాహ్ సమయంలో చిక్కులు వస్తాయి.

అయితే కాగితం మీద ఎవరు ఏమి రాయించినా నసబ్ చెక్కుచెదరదు. అది నికాహ్‌తో స్థిరపడింది. రేషన్ కార్డుతో రాలేదు, రేషన్ కార్డుతో పోదు.

నఫఖా ఎవరిపై?

బఖరా సూరా 233వ ఆయతులో పాలిచ్చే తల్లి తిండి, బట్ట భారాన్ని అల్లాహ్ బిడ్డ తండ్రిపై పెట్టాడు. బిడ్డ కారణంగా తల్లికి గాని, తండ్రికి గాని నష్టం కలిగించరాదని కూడా అక్కడే చెప్పాడు. తలాఖ్ సూరా 7వ ఆయతు ప్రకారం కలిగినవాడు తన కలిమి కొద్దీ, లేనివాడు తనకు లభించిన దాని కొద్దీ ఖర్చు చేయాలి.

ఈ ఆధారాలతో హనఫీ ఫుఖహా ఇలా వివరించారు: సొంత ఆస్తి లేని పిల్లల నఫఖా తండ్రి ఒక్కడిపైనే ఉంటుంది. కొడుకు సంపాదించుకోగలిగే వరకు, కూతురికి నికాహ్ అయ్యే వరకు అది కొనసాగుతుంది. వికలాంగుడై సంపాదించలేని కొడుకు పెద్దవాడైనా అతని భారం తండ్రిదే. తండ్రి పేదవాడైతే కష్టపడి సంపాదించి పెట్టాలి. బిడ్డ తన ఇంటిపేరు మోయాలన్న షరతు ఇందులో ఎక్కడా లేదు.

హజ్రత్ అబూ సుఫ్యాన్ (రజి) భార్య హింద్ (రజి), తన భర్త తనకూ పిల్లలకూ సరిపడా ఇవ్వడం లేదని ప్రవక్త (సఅసం)తో మొరపెట్టుకున్నారు. అప్పుడు ఆయన తనకూ పిల్లలకూ సరిపోయేంత, ధర్మసమ్మతంగా, భర్త సొమ్ము నుండి తీసుకోమని అనుమతించారు. పిల్లల పోషణ తండ్రి దయాదాక్షిణ్యం కాదు, వారి హక్కు అని దీనివల్ల స్పష్టమవుతోంది. తన పోషణలో ఉన్నవారిని ఆకలికి వదిలేయడం ఒక మనిషి పాపానికి చాలునని కూడా హదీసులో ఉంది.

తల్లి మరో నికాహ్ చేసుకుంటే

బిడ్డకు మహ్రమ్ కాని వ్యక్తిని తల్లి నికాహ్ చేసుకుంటే పెంపకం హక్కు అమ్మమ్మ వంటి వారికి మారవచ్చు. అది హిజానత్‌కు సంబంధించిన విషయం. నఫఖా మాత్రం మారదు. బిడ్డ తల్లి వద్ద ఉన్నా, అమ్మమ్మ వద్ద ఉన్నా ఖర్చు తండ్రిదే. మారుతండ్రి ప్రేమతో ఖర్చు పెడితే అది పుణ్యం. అతని పుణ్యం కన్నతండ్రి విధిని రద్దు చేయదు.

దీనికి చక్కని ఆదర్శం ప్రవక్త (సఅసం) గృహంలోనే ఉంది. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) మొదటి భర్త మరణించాక ఆమెను ప్రవక్త (సఅసం) వివాహమాడారు. ఆమె పిల్లలు ఆయన నీడలో పెరిగారు. కుడిచేత్తో, తన ముందున్న దాని నుండి తినమని బాలుడైన ఉమర్‌కు ఆయనే నేర్పారు. అయినా ఆ బాలుడు ఉమర్ బిన్ అబీ సలమాగానే మిగిలాడు. పెంచడానికి పేరు మార్చనక్కర లేదు.

దేశ చట్టం ఏమంటుంది?

ఇంటిపేరు విషయమై ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక కేసులో 2022 జూలై 28న సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. తండ్రి మరణించాక తల్లి మరో పెళ్ళి చేసుకుంది. బిడ్డ ఇంటిపేరును నిర్ణయించే అధికారం సహజ సంరక్షకురాలైన ఆమెదేనని కోర్టు అన్నది. ఆ కుటుంబం హిందువులది, మారుతండ్రి బిడ్డను చట్టప్రకారం దత్తత కూడా తీసుకున్నాడు. హిందూ చట్టంలో దత్తత వల్ల బిడ్డ పూర్తిగా కొత్త కుటుంబానికి చెందుతుంది. షరీఅత్‌లో అలాంటి దత్తత లేదు. కనుక ఈ తీర్పును చూపి ముస్లిం తండ్రి తన బాధ్యత నుండి తప్పుకోలేడు.

పోషణ సంగతికి వస్తే, విడాకులైన ముస్లిం స్త్రీల బిడ్డలకు రెండేళ్ళ వరకే ఖర్చు అని 1986 చట్టాన్ని చూపి కొందరు వాదించేవారు. మైనర్ పిల్లల హక్కు రెండేళ్ళతో ఆగదని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. అప్పటి నేర విచారణ స్మృతి 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ అమలులో ఉంది. అందులోనూ బిడ్డ ఇంటిపేరు ప్రసక్తి లేదు.

ఏం చేయాలి?

ఉదాహరణకు, స్టేషన్ ఘన్‌పూర్‌లో పుట్టింటికి చేరిన ఒక తల్లి అనుకుందాం. భర్త హైదరాబాద్‌లో ఉంటున్నాడు. ముందు ఇరువైపుల పెద్దలు, ఒక ఆలిమ్ కూర్చొని నెలకు ఎంత, ఏ తేదీన అన్నది రాతపూర్వకంగా నిర్ణయించాలి. అతను ఒప్పుకోకపోతే ఆమె అతని ఊరికి తిరగనక్కర లేదు. తాను నివసించే ప్రాంతపు కోర్టులోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కేసు తేలేలోగా మధ్యంతర భృతి కూడా అడగవచ్చు.

ఆలస్యం మాత్రం చేయరాదు. హనఫీ ఫిఖ్హ్‌లో గడిచిపోయిన రోజుల పిల్లల ఖర్చు సాధారణంగా బాకీగా నిలవదు. కోర్టులు కూడా దరఖాస్తు తేదీ నుండి లెక్కిస్తాయని 2020లో రజ్నేష్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. కోర్టు ఆదేశించిన సొమ్ము అందకపోతే, అది చెల్లించాల్సిన తేదీ నుండి ఏడాదిలోగా వసూలుకు వారంటు కోరాలి. నికాహ్‌నామా, తండ్రి పేరున్న జనన ధృవపత్రం భద్రపరచుకోవాలి. కోపంలో తండ్రి పేరు తీయించే తల్లి తన బిడ్డ హక్కుకు ఉన్న రుజువును తన చేతులతోనే చెరుపుతోంది.

సోదరులారా! బడి రిజిస్టరులో మీ పేరు లేకపోవచ్చు. ఆ బిడ్డ ఎవరి సంతానమో అల్లాహ్‌కు తెలుసు. అతని ఆకలి గురించి ప్రళయ దినాన మీరే సమాధానం చెప్పాలి. సోదరీమణులారా! మీకు జరిగిన అన్యాయానికి బిడ్డ వంశాన్ని బలి చేయకండి. పెద్దల కలహంలో పసివారి హక్కు నలిగిపోకుండా కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.